గీత దాటాక

మూడో అంతస్తు ఇల్లు,
ఫిబ్రవరి 9

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కుట్టు మిషనుకి మోటారు పెట్టించారని తెలిసి సంతోషించాను. ఇన్నేళ్ళూ తొక్కీ తొక్కీ అరగదీసిన మోకాళ్ళకి ఇప్పటికైనా సెలవిచ్చారు. మీకు చెవులు బాగా వినపడి ఉంటే ఈ కబురు ఫోనులో అరిచి చెప్పేదాన్ని. ఉత్తరంలో అరవడం ఎలాగో తెలియదు కాబట్టి మామూలుగానే రాస్తున్నాను. మీ తమ్ముడు పరుగు మొదలుపెట్టారు!

నవ్వకండి. నేను నవ్వి తిట్లు తిన్నాను. డిసెంబరులో డాక్టరు రక్త పరీక్ష చూసి, "చక్కెర జబ్బు గడప దాకా వచ్చింది, లోపలికి రానివ్వకండి" అన్నాడు. నడవమన్నాడు. ఈయన సంగతి మీకు తెలియనిదేముంది? ఈ దేశం వచ్చిన ఆరేళ్ళలో లిఫ్టులు బాగుచెయ్యడం, ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చోవడం తప్ప మూడో పని లేదు. రోజంతా పైకీ కిందికీ తిరిగే మనిషి అడ్డంగా నాలుగడుగులు వేస్తే చాలనుకున్నాను.

మా వీధి చివర పార్కులో ఆదివారాలు ఒక గుంపు పరిగెడుతుంది. వాళ్ళకి పెద్ద ఒక రిటైరైన బస్సు డ్రైవరు. అరవై ఏడేళ్ళు, కర్రలాంటి మనిషి. ఈయన్ని ఎగాదిగా చూసి, "ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. బస్సు లెక్కే, ప్రతి స్టాపులోనూ ఆగాలి" అన్నాడట. మొదటి రోజు రెండో స్టాపుకే ఈయన బెంచీ మీద కూలబడ్డారు. తొడలు పట్టేసి మూడు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగారు. లిఫ్టు మెకానిక్కు ఉండే ఇంటికి లిఫ్టు లేదు, చూశారా విడ్డూరం!

అయినా మానలేదు. ఇప్పుడు ఆగకుండా ఇరవై నిమిషాలు పరిగెడుతున్నారు. నిన్న స్నానం చేస్తూ కూనిరాగం తీశారు. ఆ గొంతులో పాట వినడం నా కాపురంలో అదే మొదటిసారి. వంటగదిలో నిలబడి ఏడ్చాను వదినా. ఈ మాట మీతో తప్ప ఎవరితో చెప్పుకుంటాను?

మీ మరదలు


కుట్టు గది,
ఫిబ్రవరి 27

అమ్మాయ్,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

వాడికి పరుగెందుకు? డాక్టరు నడవమన్నాడు కానీ పరిగెత్తమనలేదు కదా. ఆ నడక కూడా ఇంటి చుట్టూ తిరిగితే చాలు. నలభై ఒకటి నిండిన మనిషి ఇప్పుడు కొత్తగా పరిగెడితే మోకాటి చిప్పలు పోతాయి, గుండె మీద భారం పడుతుంది. మా పక్కవీధి గుమస్తా ఒకడు ఇలాగే పొద్దున్నే పరుగులని బయల్దేరి మంచాన పడ్డాడు. ఇంట్లోనే ఏవో నేల మీద వ్యాయామాలుంటాయట, అవి చెయ్యమను. పంచదార డబ్బా దాచెయ్యి. నేను చెప్పానని మాత్రం చెప్పకు.

వాడు వెళ్ళేటప్పుడు ఎవరైనా తోడుంటారా, ఒక్కడే వెళ్తాడా? తిరిగొచ్చే వేళ రోజూ ఒకటేనా, రోజుకోలా ఉంటుందా? వెంటనే జవాబు రాయి.

స్కూలు చొక్కాల పని మీద పడింది. ఇంతే రాస్తున్నాను.

వదిన


మూడో అంతస్తు ఇల్లు,
ఏప్రిల్ 2

వదినగారికి,

మీ తమ్ముడు బాగుపడుతున్నారని నేను రాస్తే మీరు పక్కవీధి గుమస్తాని తీసుకొచ్చి నా ముందు మంచాన పడుకోబెట్టారు. నాకు నిజంగానే కష్టం వేసింది. అందుకే వెంటనే రాయలేదు.

ఒక్కరే వెళ్తారు. ఆదివారం మాత్రం గుంపుతో. వచ్చే వేళ అటూ ఇటూ అవుతుంది, అందులో వింతేముంది? పోయిన వారం పది కిలోమీటర్ల పందెం పెట్టారు. ఈయన చొక్కాకి పిన్నులతో నంబరు కాగితం గుచ్చింది నేనే. గంటా పన్నెండు నిమిషాలు. ఒక ముసలావిడ, ఇద్దరు ముగ్గురు లావాటివాళ్ళు తప్ప అందరూ ఈయన కంటే ముందే వచ్చారు. అయినా ఈయన ముఖం చూడాలి! డ్రైవరుగారు నా పక్కన నిలబడి, "మీ ఆయనకి వేగం లేదు కానీ ఆగడం మర్చిపోయే రకం. దూరప్పరుగుకి అలాంటివాళ్ళే పనికొస్తారు" అన్నారు. అక్టోబరు పదకొండున ఈ ఊళ్ళో మారథాన్ ఉంది, నలభై రెండు కిలోమీటర్లు. ఇద్దరూ పేర్లిచ్చేశారు.

ఇంకో సంగతి. మొన్న భోంచేస్తూ, "పరిగెడుతుంటే తల్లో మోత ఆగిపోతుంది" అన్నారు. ఏం మోత అని అడిగాను. "ఉండేదిలే. నువ్వెప్పుడూ అడగలేదుగా" అన్నారు. నిజమే, పన్నెండేళ్ళలో అడగలేదు. నా పనిలో నేను పడి ఉన్నాను. రోజుకి అరవై జతల కళ్ళద్దాలు అరగదీస్తాను, ఊళ్ళోవాళ్ళందరికీ చూపు సరిచేస్తాను, ఇంట్లో మనిషి తల్లో మోత ఉందని నాకు కనపడలేదు.

అది ఆగిపోయిందంటున్నారు. మీరూ నాతోపాటు సంతోషించండి వదినా, ఒక్కసారి.

మీ మరదలు


కుట్టు గది,
ఏప్రిల్ 21

అమ్మాయ్,

నిన్ను కష్టపెట్టాలని రాయలేదు. నాకు రాయడం చేతకాదు, కత్తిరించడం ఒక్కటే వచ్చు.

ఆ మోత గురించి ఇంకేమన్నాడు? ఎప్పట్నుంచట? అడిగి రాయి. కంచంలో అన్నం సగంలో వదిలేసి లేస్తున్నాడా? పిలిస్తే మొదటి పిలుపుకి పలుకుతున్నాడా, రెండో పిలుపు కావాలా? షూస్ ఎక్కడ విడుస్తున్నాడు? పిచ్చి ప్రశ్నల్లా ఉంటాయని తెలుసు. నీకు పుణ్యముంటుంది, జవాబు రాయి.

(ఇక్కడ ఒక వాక్యం కొట్టివేసి ఉంది.)

నలభై రెండు కిలోమీటర్లంటే ఇక్కడినుంచి జిల్లా ఆఫీసు దాకా. అంత దూరం మనిషి ఎందుకు పోవాలి?

వదిన


అద్దాల పనిగది, మధ్యాహ్నం విరామంలో,
జూన్ 30

వదినగారికి,

మీ ప్రశ్నలకి జవాబు రాయకూడదనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

పోయిన శనివారం పొద్దున ఆరింటికి ఒక్కరే బయల్దేరారు. తొమ్మిదికి రావాలి. రాలేదు. పన్నెండింటికి ఫోను వచ్చింది, ఎవరో బస్సు డిపో వాచ్‌మన్. ముప్ఫై ఒక్క కిలోమీటర్ల అవతల. డ్రైవరుగారు తన కారులో నన్ను తీసుకెళ్ళారు. ఈయన డిపో షెడ్డులో సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉన్నారు. మేజోళ్ళు రక్తంతో పాదాలకి అంటుకుపోయాయి. ఏమైందండీ అన్నాను. చంటిపిల్లల్లా నా వైపు చూసి, "తిరగాలని గుర్తు రాలేదు. రోడ్డు నిటారుగా ఉంది. మలుపేదీ రాలేదు" అన్నారు.



ఇక వినండి. అవును, నెల రోజులుగా కంచంలో అన్నం సగం వదిలేస్తున్నారు. అవును, రెండో పిలుపుకి పలుకుతున్నారు. ఒక్కోసారి మూడో పిలుపుకి. షూస్ మంచం పక్కనే విడుస్తున్నారు, కాళ్ళు దించితే అందేలా, ముక్కులు తలుపు వైపు పెట్టి. మీరు ఇన్ని వేల మైళ్ళ దూరంలో కుట్టు మిషను ముందు కూర్చుని ఇవన్నీ ఎలా చూశారు?

మీ కిందటి ఉత్తరంలో ఒక వాక్యం కొట్టేశారు. మా పనిగదిలో భూతద్దాలకి కొదవ లేదు. పెట్టి చూశాను. అన్నీ పోయాయి కానీ ఒక్క మాట దొరికింది. "నాన్న".

మామగారు బస్సు కింద పడి పోయారని, అప్పటికి ఈయనకి తొమ్మిదేళ్ళని కదా మీరు మా పెళ్ళి మాటలప్పుడు చెప్పింది? మరి ఇందులోకి ఆయనెందుకొచ్చారు?

మీ మరదలు


కుట్టు గది,
జూలై 16

అమ్మాయ్,

నాన్న గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. అప్పుడు చెప్పిందే. ఏదో ధ్యాసలో రాసి కొట్టేశాను.

వాణ్ణి ఆపు. ఎలాగైనా సరే. షూస్ దాచెయ్యి. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పు, అక్క బెంగపడుతోందని చెప్పు. పోట్లాడు. అలుగు. పుట్టింటికి పోతానని బెదిరించు. ఆడవాళ్ళకి ఇవన్నీ నేర్పాలా?

వదిన


అద్దాల పనిగది,
ఆగస్టు 20

వదినగారికి,

షూస్ దాచాను. బియ్యం డబ్బాలో. ఈయన నన్నొక్క మాట కూడా అడగలేదు. పనికి వేసుకునే ఇనప ముక్కు బూట్లు తొడుక్కుని పరిగెత్తి వచ్చారు. గోళ్ళు నల్లబడ్డాయి. ఆ రోజే షూస్ తీసి ఇచ్చేశాను.

మీరు చెప్పినట్టు పోట్లాడాను. గోడతో ఎంతసేపు పోట్లాడతాం?

ఇప్పుడు అసలు విషయం. పదమూడో తారీఖున ఒక అపార్టుమెంటులో నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఇరుక్కుంది. లోపల ఒక పెద్దావిడ. ఈయన తలుపు సందులోంచి ఆవిడతో, "భయపడకండమ్మా, వ్యానులోంచి పనిముట్టు తెచ్చి అయిదు నిమిషాల్లో దింపుతాను" అని చెప్పి కిందికి దిగారు. వ్యాను తలుపు తీశారు. ఆ తర్వాత పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయారు. యూనిఫారంతో, నడుముకి స్పానర్ల బెల్టుతో. ఆవిడ రెండు గంటలు ఆ పెట్టెలో ఉంది. ఇంకో మెకానిక్కు వచ్చి దింపాడు. ఆవిడకేమీ కాలేదు, అదొక్కటే మా అదృష్టం. ఈయన సాయంత్రం ఇంటికొచ్చారు. "ఆవిడ సంగతి?" అంటే, "ఎవరావిడ?" అన్నారు. తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు నేల మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నారు. కంపెనీ పనిలోంచి తప్పించింది. విచారణ అంటున్నారు.

డాక్టరు దగ్గరికి రమ్మంటే, "రోజుకి ఇరవై కిలోమీటర్లు పరిగెత్తేవాడికి జబ్బేమిటే" అంటారు. డ్రైవరుగారికి చెప్పుకుని ఏడ్చాను. ఆయన అన్నది మీకు రాస్తాను. "నేను ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను. దిగాల్సిన చోటు వచ్చినా దిగనివాళ్ళు కొందరుంటారు. చివరి స్టాపు దాకా వచ్చేస్తారు. వాళ్ళని అరిచి దించకూడదు. పక్కన కాసేపు కూర్చోవాలి. నేను ఈయన పక్కన పరిగెడతాను, నాకు చేతనైనంత."

పరాయివాడికి ఉన్నపాటి దయ మీకు లేకపోయిందా వదినా? మీరేదో దాస్తున్నారు. నేను ఈయనతో ఒకే మంచం మీద పడుకుంటున్నాను. ఏ పాముని పక్కలో పెట్టుకున్నానో నాకు తెలియాలి.

ఒక మాట. జవాబు ఇంటికి రాయకండి. ఈయన రోజంతా ఇంట్లోనే ఉంటున్నారు. మా పనిచోటు చిరునామా కింద గీత గీసి రాశాను, దానికే పంపండి.

మీ మరదలు


కుట్టు గది,
సెప్టెంబరు 18

అమ్మాయ్,

రెండు వారాలుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. చింపడం, రాయడం. ఇది చింపను.

నాన్న బస్సు కింద పడలేదు. నాన్న వెళ్ళిపోయాడు.

గోదాములో తూకం గుమస్తాగా ఉండేవాడు. తల్లో మోతగా ఉంది అనేవాడు. గోదాము చప్పుడే అనుకున్నాం. తర్వాత నడక పట్టుకుంది. పొద్దున, సాయంత్రం, ఊరి చివరిదాకా, పక్క ఊరిదాకా. అన్నం సగంలో వదిలేసేవాడు. రెండో పిలుపుకి పలికేవాడు. చెప్పులు తలుపు వైపు తిప్పి పెట్టేవాడు. మొదటిసారి రెండు రోజులకి వచ్చాడు. రెండోసారి ఇరవై రోజులకి ఎవరో రైల్వే ఉద్యోగి పట్టుకొచ్చి అప్పగించాడు. పాదాలు పచ్చిపుళ్ళు. అమ్మ అప్పటికే మంచం పట్టింది. ఆ పాదాలు నేను కడిగాను. నాకు పందొమ్మిదేళ్ళు.

మూడోసారి వెళ్ళిన పొద్దున నేను మిషను ముందు కూర్చుని ఉన్నాను. అప్పట్లో నాకు చెవులు వినపడేవి. గడప మీద చెప్పులు దులుపుకున్న చప్పుడు వినపడింది. "నాన్నా" అని పిలిస్తే ఆగేవాడు. అంతకుముందు రెండు మూడుసార్లు అలా పిలిచి ఆపాను కూడా. ఆ రోజు తలెత్తలేదు. పిలవలేదు. వెతికి వెతికి విసిగిపోయి ఉన్నాను. పోతే పోనీ అనుకున్నాను. పైకి అనలేదు. కానీ అనుకున్నాను.

ఇంక రాలేదు. రెండేళ్ళు వెతికించాను. శవం కూడా దొరకలేదు.

వీధిలో పిల్లలు వాణ్ణి "పారిపోయినోడి కొడుకా" అని ఏడిపించేవాళ్ళు. వాడొకణ్ణి రాయి తీసుకుని తల పగలగొట్టాడు. ఆ సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టి, కబురొచ్చింది, నాన్న దూరపు ఊళ్ళో బస్సు కింద పడి పోయాడు, అక్కడే అన్నీ జరిగిపోయాయి అని చెప్పాను. "ఏ బస్సు?" అన్నాడు. "ఎర్రది" అన్నాను. చదువు అయ్యేదాకా వాడు ఎర్రబస్సు ఎక్కలేదు, నడిచి వెళ్ళాడు. వాడికి ఇవాళ్టికీ అదే నిజం. తర్వాత సంబంధాలు చూసేటప్పుడు మీవాళ్ళకీ అదే చెప్పాను. నిన్ను మోసం చేశాను. కాదని అనను.

వాణ్ణి ఆ పందేనికి పంపకు. మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, చెయ్యి పట్టుకుని ఈడ్చుకుంటూ అయినా సరే. నాన్నని ఎవరికీ చూపించలేదు, అప్పుడు మాకు తెలియలేదు. ఈ సంగతి మాత్రం వాడికి చెప్పకు. నేనే వస్తాను. ఎదురుగా కూర్చుని నా నోటితో చెప్తాను.

వదిన


మూడో అంతస్తు ఇల్లు,
అక్టోబరు 14

వదినగారికి,

మీ తమ్ముడు కనపడటం లేదు. ఇవాళ్టికి మూడో రోజు.

మీ ఉత్తరం నా పనిచోటుకి రాలేదు. కవరు మీద ఇంటి చిరునామా ఉంది. మీ చేతి రాతే, గుండ్రంగా. ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఈయన పనిముట్ల పెట్టెలో అడుగున దొరికింది. చించి చదివి, మళ్ళీ మీరు మడిచిన మడతల మీదే మడిచి పెట్టారు.

అందుకేనేమో పందేనికి ముందు వారమంతా అంత నెమ్మదిగా ఉన్నారు. కంచం ఖాళీ చేసేవారు. గిన్నెలు కడిగిపెట్టారు. వంటింటి కుళాయి కారుతుంటే వాషరు మార్చారు. గండం గడిచింది అనుకున్నాను. సిగ్గులేకుండా సంతోషపడ్డాను. పందెం ఒక్కటి అయిపోతే డాక్టరు దగ్గరికి వస్తానని మాట కూడా ఇచ్చారు. మీరు వద్దన్నారని నాకెలా తెలుస్తుంది?

ముప్ఫయ్యో కిలోమీటరు దాకా డ్రైవరుగారు పక్కనే ఉన్నారట. అక్కడ ఆయనకి పిక్కలు పట్టేశాయి. ఈయన ఆగారట. "నువ్వు పో" అని డ్రైవరుగారే పంపించారు. నేను ముగింపు గీత దగ్గర కోటు పట్టుకుని నిలబడ్డాను. నాలుగు గంటల యాభై నిమిషాలకి వచ్చారు. నిటారుగా, అలుపే లేనట్టు. గీత దాటారు. ఒకమ్మాయి మెడలో పతకం వేసింది. వెనక్కి తిరిగి నన్ను వెతుక్కుని చూశారు. చెయ్యెత్తారు. నేనూ కోటు ఎత్తి ఊపాను. అప్పుడు మంచినీళ్ళ బల్లల మధ్యనుంచి, తాళ్ళు కట్టిన చోటు దాటి, మళ్ళీ పరుగందుకున్నారు. బాత్‌రూముకేమో అనుకున్నాను. కోటు పట్టుకుని అరగంట అక్కడే నిలబడ్డాను, పిచ్చిదానిలా.

పోలీసులకి చెప్పాను. ఫొటో ఇచ్చాను. ఎక్కడికి వెళ్ళి ఉంటారు, స్నేహితులెవరు అని అడిగారు. నా దగ్గర ఒక్క పేరు కూడా లేదు.

ఫిబ్రవరిలో మీరీ మాట చెప్పి ఉంటే అప్పుడే ఆపేదాన్ని. ఎప్పటికీ చెప్పకుండా ఉంటే, ఏమో, ఆ గీత దగ్గరే ఆగి నా దగ్గరికి వచ్చేవారేమో. రెండిట్లో ఏదీ చెయ్యలేదు మీరు. ముప్ఫై రెండేళ్ళు దాచి, పందేనికి వారం ముందు ఆయన చేతిలో పెట్టారు.

ఇంకేం రాయను?


కుట్టు గది,
అక్టోబరు 27

అమ్మాయ్,

నీ పనిచోటు చిరునామా చూశాను. అదే రాయాలనుకున్నాను. ఉత్తరం పూర్తయ్యేసరికి ఒంట్లో ప్రాణం లేదు. ఆరేళ్ళుగా రాస్తున్న చిరునామా, చెయ్యి దానంతటది రాసేసింది. ఇది సాకు కాదు. ఎలా జరిగిందో చెప్తున్నాను, అంతే.

నువ్వు తిట్టింది చాలదు.

పక్కింటి టీచరమ్మ ఫోను నంబరు కింద రాస్తున్నాను. దొరికాడు అన్న ఒక్క మాట ఆవిడతో చెప్పు. పలక మీద రాసి చూపిస్తుంది. రెండో మాటైనా సరే, చెప్పు. తెలియకుండా ఉండటం మాత్రం నావల్ల కాదు. ఒకసారి అయింది. మళ్ళీ వద్దు.

చొక్కాలు వెనక్కి ఇచ్చేశాను. మిషను మీద గుడ్డ కప్పేశాను.

వదిన


ఆసుపత్రి, నాలుగో వార్డు బయట వరండా,
నవంబరు 20

వదినగారికి,

టీచరమ్మ పలక మీద రాసి చూపించే ఉంటుంది. ఒక సంగతి ఒప్పుకుంటాను. ఆయన దొరికింది నేను ఫోను చేసిన రోజు కాదు. అంతకు పదకొండు రోజుల ముందు. దొరికిన రోజే మీకు రాయాలి. రాయలేదు. మీరూ కొన్నాళ్ళు తెలియకుండా ఉండండి అనుకున్నాను. మీ నంబరు వచ్చాక కూడా ఒక పూటంతా ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను. అదీ నా మంచితనం.

పద్దెనిమిది రోజులు. రెండు వందల నలభై కిలోమీటర్లు. ఒక గూడ్సు యార్డులో పాత బోగీలు కడిగే ఆవిడ చూసింది. షూస్ అడుగులు ఊడిపోయి గుడ్డపీలికలతో కట్టి ఉన్నాయి. పతకం మెడలోనే ఉంది. ఆవిడ అన్నం పెడితే తిన్నారట, పేరడిగితే చెప్పలేకపోయారట. ఎడమ కాలివి రెండు వేళ్ళు తీసేశారు. చీము ఎముక దాకా పోయింది.

నన్ను చూసి గుర్తుపట్టారు. నేనేమీ అడగలేదు. ఆయనే అన్నారు, "నాన్న ఎంత దూరం పోగలిగాడో చూద్దామనుకున్నాను" అని. అంతే. అటు తిరిగి పడుకున్నారు. ఆ తర్వాత మూడు వారాలుగా నోట మాట లేదు.

మనసు డాక్టరు చాలాసేపు మాట్లాడింది. ఇది జబ్బేనని, కొన్ని ఇళ్ళల్లో ఒకరి తర్వాత ఒకరికి రావచ్చని, మందులున్నాయని చెప్పింది. తగ్గుతుందా అంటే, "చాలామందికి అదుపులో ఉంటుంది" అంది. నేను అడిగింది అది కాదు.

ఉద్యోగం పోయింది. నేను పనికి వెళ్ళిన గంటల్లో డ్రైవరుగారు వచ్చి మంచం పక్కన కూర్చుంటున్నారు. పేపరు పైకి చదువుతారు, వాతావరణంతో సహా. ఈయన వింటున్నారో లేదో దేవుడికెరుక.

మొన్న మంగళవారం నేను ఇంటినుంచి ఆసుపత్రికి బయల్దేరి బస్ స్టాపులో నిలబడ్డాను. ఈ మనిషిని ఇంటికి తెచ్చుకుని, రోజూ తలుపు చూస్తూ ఎన్నేళ్ళు బతకాలి అనిపించింది. పోతే పోనీ అనుకున్నాను. అచ్చంగా ఆ మాటే. అనుకున్నాక మీరు గుర్తొచ్చారు. నాకు నలభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి, మీకప్పుడు పందొమ్మిది. ఇక మిమ్మల్ని తిట్టడానికి నాకు నోరు రాదు. అలాగని క్షమించానని అనుకోకండి. దానికి ఒంట్లో ఓపిక ఉండాలి.

నిన్న ఈయన పేపరు అంచు మీద పెన్సిలుతో ఏదో రాసి డ్రైవరుగారికిచ్చారు. తెలుగు కదా, ఆయనకి అర్థంకాక జేబులో పెట్టుకుని నాకోసం ఎదురుచూశారు. ఇలా ఉంది. "వెళ్ళేటప్పుడు నాన్న నావైపు చూశాడా? అక్కని అడుగు."

నిజం రాయండి. అది ఏదైనా సరే. ఈసారి ఆయనకే రాయండి.

మీ మరదలు


కుట్టు గది,
డిసెంబరు 7

చిన్నోడా,

చూడలేదు.

చూశాడని నాలుగుసార్లు రాశాను. ప్రతిసారీ అక్షరాలు ఎంత చక్కగా కుదిరాయో! నాకు అబద్ధం అంత బాగా అలవాటైపోయింది. ఆ నాలుగూ పొయ్యిలో వేసి ఇది రాస్తున్నాను.

నీ భార్యకి రాసిన దాంట్లో ఆ రోజు తలెత్తలేదని చెప్పాను. నువ్వూ చదివావు. అది కూడా నిజం కాదు. తలెత్తాను. చూశాను. నువ్వు గుమ్మానికి అడ్డంగా చాప మీద పడుకుని ఉన్నావు. ఒక కాలు దుప్పట్లోంచి బయటికి వచ్చి ఉంది. నాన్న నిన్ను దాటి వెళ్ళాలి. వంగి, నీ కాలికి తగలకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని, పాదం ఎత్తి నెమ్మదిగా అవతల పెట్టాడు. నీకు మెలకువ వస్తుందని. అవతలికి వెళ్ళాక గడప మీద కూర్చుని చెప్పులు దులిపి వేసుకున్నాడు. అంత జాగ్రత్త పడ్డ మనిషి నీ ముఖం చూడకుండా ఎలా పోయాడని నువ్వు అడుగుతావు. ముప్ఫై రెండేళ్ళుగా నేనూ అదే అడుగుతున్నాను. నీ కాలిని చూశాడు. నిన్ను చూడలేదు. నన్నూ చూడలేదు.

నీ తప్పేమీ లేదు. తొమ్మిదేళ్ళవాడివి, నిద్రపోతున్నావు. పిలవాల్సింది నేను. మెలకువగా ఉన్నది నేను.

పాస్‌పోర్టుకి ఫొటో దిగి ఇచ్చాను. ఎప్పుడు వస్తుందో, వచ్చినా రానిస్తారో లేదో చెప్పలేను. నా రాక కోసం ఏదీ ఆపుకోవద్దు.

గీత దాటాక నువ్వు వెనక్కి తిరిగి నీ భార్య కోసం వెతికి చూశావట. చెయ్యెత్తావట. తను కోపంలో రాసింది, రాసింది ఏమిటో తనకే తెలియదనుకుంటాను. నాన్నకీ నీకూ నాకు కనపడుతున్న తేడా అదొక్కటే. అది సరిపోతుందో లేదో నాకు తెలియదు. సరిపోతుందని చెప్తే మళ్ళీ అబద్ధమే అవుతుంది.

మాత్రలు మానకు. ఇంటికి వెళ్ళాక, రోజూ తను పనికి బయల్దేరేటప్పుడు, తలుపు దగ్గర ఒక్కసారి తన ముఖం చూడు. మాట్లాడలేకపోతే మాట్లాడకు. చూడు, చాలు. అంతకంటే నిన్ను అడగడానికి నాకు ముఖం లేదు.

అక్క